నలుగురు కలిసి ఆడే డూమ్

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది ఫోన్లలో పబ్జీ ఉండే ఉంటుంది. ఇంట్లో చీవాట్లు తిని తీసేసినవాళ్లూ ఉంటారు. కాబట్టి గేమ్ అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటి గేమ్‌ను సైన్యం శిక్షణకు వాడితే సైనికుడు ఏం నేర్చుకుంటాడు? అడిగితే ఎక్కువమంది చెప్పేది ‘గురి’ అనే. నేనైతే గురి కాదంటాను.

1996లో అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని క్వాంటికోలో జరిగిన కథ ఇది. అక్కడి మెరైన్ దళం సిమ్యులేషన్ విభాగంలో లెఫ్టినెంట్ స్కాట్ బార్నెట్, సార్జెంట్ డాన్ స్నైడర్ కలిసి బజార్లో దొరికే డూమ్ 2 గేమ్‌ను తీసుకుని మార్చారు. ఆ గేమ్‌లో ఎవరి మ్యాపులు వాళ్లు తయారుచేసుకునే వీలుంది, అదే వీళ్లకు కలిసొచ్చింది. రాక్షసుల్ని తీసేసి శత్రు సైనికుల్ని పెట్టారు. మరి సైనికుల బొమ్మలు ఎక్కడివి? పిల్లలు ఆడుకునే జీఐ జో బొమ్మల్ని స్కాన్ చేశారు! ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన సైన్యం చేసిన పని ఇది.

అసలు డూమ్‌లో హీరో ఒక్కడే అందరినీ చంపుకుంటూ పోతాడు. వీళ్లు మార్చిన గేమ్ ‘మెరైన్ డూమ్’లో అలా కుదరదు. నాయకుడు, ఇద్దరు రైఫిల్‌మెన్, ఒక ఆటోమేటిక్ రైఫిల్ పట్టినవాడు, మొత్తం నలుగురు. నాలుగు కంప్యూటర్లు. శత్రువు బంకర్‌ను పట్టుకోవాలి. ఒకడు ముందుకు ఉరికితే వెనకవాడి తూటా వాడికే తగలొచ్చు. ‘నేను కదులుతున్నా, నువ్వు కాల్చు’ అని ఒకరికొకరు చెప్పుకోకపోతే నలుగురూ పోతారు. అంటే వాళ్లు అక్కడ నేర్చుకుంటున్నది మాట్లాడటం. ఎవరు, ఎప్పుడు, ఎవరికి, ఎంత క్లుప్తంగా చెప్పాలన్నదే పాఠం. 1997లో మెరైన్ దళాధిపతి జనరల్ చార్లెస్ క్రులాక్, యుద్ధంలో నిర్ణయాలు తీసుకోవడం సాధన చేసేందుకు పీసీ గేములు వాడుకోవచ్చని ఆదేశమే ఇచ్చారు.

ఇక గురి సంగతి. మౌస్ నొక్కితే రైఫిల్ బరువు తెలియదు, ఊపిరి బిగబట్టడం రాదు. దానికి వేరే యంత్రాలున్నాయి. నిజమైన తుపాకీ ఆకారం, బరువు ఉన్నదాన్ని పట్టుకుని తెర మీదకు కాలుస్తారు. తూటా బదులు లేజర్. ఇది మనకు దూరపు విషయమేమీ కాదు. సైన్యం కోసం సిమ్యులేటర్లు తయారుచేసే విభాగం సికింద్రాబాద్‌లోనే ఉంది. 1993లో హైదరాబాద్‌లో మొదలైన జెన్ టెక్నాలజీస్ చేసే పని కూడా ఇదే.

2004లో వచ్చిన ‘ఫుల్ స్పెక్ట్రమ్ వారియర్’ ఇంకో అడుగు ముందుకేసింది. అమెరికా సైన్యం డబ్బుతో నడిచే, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఒక సంస్థ చొరవతో తయారైన గేమ్ అది. అందులో ఆటగాడు స్వయంగా తుపాకీ పేల్చడు. రెండు జట్లకు ఎటు వెళ్లాలో, ఎక్కడ నక్కాలో, ఎటు కాల్చాలో చెబుతాడంతే. ఆడే కుర్రాళ్లకు అది కాస్త బోరు కొట్టి ఉంటుంది. శిక్షణకు మాత్రం సరిగ్గా కావలసింది అదే.

అయితే గేమ్‌లో ఎదురొచ్చేవాడికి తల్లి ఉండదు. మనం చచ్చినా మళ్లీ మొదటి నుంచి ఆడొచ్చు. ఆ సుళువే అందులోని ప్రమాదం. ఇరాక్ యుద్ధానికి వెళ్లి, ప్రాణాలతో తిరిగొచ్చి కూడా నిద్రపట్టని సైనికులు ఎందరో ఉన్నారు. వాళ్ల చికిత్స కోసం, ‘ఫుల్ స్పెక్ట్రమ్ వారియర్’కు చొరవ తీసుకున్న సంస్థలోనే స్కిప్ రిజ్జో అనే మానసిక శాస్త్రవేత్త, ఆ గేమ్ కోసం గీసిన వీధుల్నే, బండ్లనే వాడుకుని ‘వర్చువల్ ఇరాక్’ తయారుచేశారు. సైనికుడు కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుంటాడు. కాళ్ల కింద నేల వణుకుతుంది. డీజిల్ వాసన, కాలుతున్న రబ్బరు వాసన వస్తాయి. పక్కన కూర్చున్న డాక్టర్ అతని ముఖం చూస్తూ పేలుడు శబ్దం కొంచెం పెంచుతారు, మరీ టెన్షన్ పడితే తగ్గిస్తారు. ఆ రోజు ఏం జరిగిందో అతను వర్తమాన కాలంలో, ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పుకుపోతాడు. చెప్పడం పూర్తయితే మళ్లీ అదే వీధి, మొదటి నుంచి.