స్నార్కెలింగ్ కోసం ప్రైవేట్ యాట్: దాన్ని వెనుక వైపు నుంచి చూడండి

నమస్కారం. ఒక ప్రైవేట్ యాట్ తీసుకుని, పగడపు దిబ్బ దాకా వెళ్లి, స్నార్కెలింగ్ చేసి (అంటే కళ్లకు మాస్కు, నోట్లో గాలి గొట్టం పెట్టుకుని, నీటి మీద తేలుతూ అడుగున ఉన్నవి చూసి) రావడం ఎలా ఉంటుందో ఈ వీడియోలో వివరంగా చెబుతాను. అంతకంటే ముందు ఒక మాట చెప్పాలి. ఈ యాట్‌ను నడిపే సంస్థ నన్ను ఆహ్వానించింది, ప్రయాణానికి నేను డబ్బు చెల్లించలేదు. అయితే ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో వారు నాతో అనలేదు. ఈ వీడియోను మీ కంటే ముందు వారికి చూపించలేదు కూడా. యాట్ పొడవెంత, ఇంజిన్ల శక్తి ఎంత, లోపల ఎన్ని గదులున్నాయి అనే వివరాలు మీలో చాలామంది ఇప్పటికే చూసి ఉంటారు కాబట్టి వాటిని ఇక్కడ మళ్లీ చదవను.

సెలవుల్లో సముద్ర తీరానికి వెళ్లినవారికి యాట్ ప్రకటనల్లో ఎప్పుడూ పడవ ముందు భాగాన్నే చూపిస్తారు. అక్కడ పరుపులుంటాయి, వలలా అల్లిన కూర్చునే చోటు ఉంటుంది, ఫోటోలు బాగా వస్తాయి. కానీ మీరు స్నార్కెలింగ్ కోసం వెళ్తున్నట్లయితే చూడవలసింది వెనుక భాగం. నీళ్లలోకి దిగేది అక్కడి నుంచే, అలసిపోయి తిరిగి ఎక్కేదీ అక్కడి నుంచే. నిచ్చెన ఎలాంటిది, నీటి మట్టానికి దగ్గరగా నిలబడే చోటు ఎంత వెడల్పు, మాస్కుల పెట్టెలో ఏముంది, దిగిన తర్వాత ఇంజిన్ ఆగిందా లేదా అన్న విషయాలే ఆ రోజు ఆనందంగా గడుస్తుందో లేదో తేలుస్తాయి.

నిచ్చెనతో మొదలుపెడతాను. మేం వెళ్లింది కటమరాన్‌లో, అంటే పక్కపక్కనే రెండు పడవ అడుగులు కలిపి కట్టిన యాట్‌లో. దాని వెనుక ఉన్న నిచ్చెనకు కనీసం మూడు మెట్లు నీటి లోపలికి దిగి ఉన్నాయి, ప్రతి మెట్టూ పాదం మొత్తం ఆనేంత వెడల్పుగా ఉంది. ఇది చిన్న విషయంలా కనిపించవచ్చు కానీ, అలలు వచ్చినప్పుడు పడవ వెనుక భాగం పైకి లేచి దబ్బున కిందికి దిగుతుంది. ఆ సమయంలో నిచ్చెన పొట్టిగా ఉంటే శరీర బరువంతా చేతులతోనే పైకి లాక్కోవాలి. అంతకుముందు నేను వెళ్లిన మరో యాట్‌లో సన్నని గొట్టాల మెట్లున్న నిచ్చెన ఉండేది. కాలు పెట్టగానే అది పడవ అడుగు వైపు ఊగేది, అరికాళ్లు నొప్పి పుట్టేవి, పెద్ద వయసున్న ఒకరిని ఇద్దరు పట్టుకుని పైకి లాగవలసి వచ్చింది. ఇక్కడ మాత్రం సిబ్బందిలో ఒకరు ప్రతిసారీ కింది మెట్టు దగ్గర కూర్చుని, ముందు ఫిన్స్ (ఈతకు పాదాలకు తొడిగే రెక్కలు) విప్పించి, వాటిని తన చేతికి తీసుకుని, ఆ తర్వాతే ఎక్కమన్నారు. ఫిన్స్ వేసుకునే నిచ్చెన ఎక్కాలని చూసేవారికి మోకాలి దెబ్బలు తప్పవు కాబట్టి ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది.

ఇప్పుడు నన్ను నిజంగా విసిగించిన విషయానికి వస్తాను. అదే మాస్కుల పెట్టె. ఇంత ఖరీదైన యాట్‌లో, ఇంత శ్రద్ధ గల సిబ్బంది ఉన్నచోట, మాస్కులన్నీ ఒకే కొలతలో ఉండడం నాకు మింగుడుపడలేదు. మనుషుల ముఖాలు ఒకేలా ఉండవు. ముక్కు వెడల్పు, బుగ్గల ఎత్తు, కణతల మధ్య దూరం మారుతూ ఉంటాయి. మాస్కు అంచున ఉండే మెత్తని సిలికోన్ చర్మానికి అన్ని వైపులా ఆనకపోతే నీరు కారుతూనే ఉంటుంది. మాస్కు సరిపోతుందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. పట్టీని తలకు తగిలించకుండా మాస్కును ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చి, చేయి వదిలేయండి. మాస్కు ముఖానికి అతుక్కుని నిలబడితే అది మీ కొలత, జారిపోతే కాదు. ఆ పెట్టెలోని మాస్కుల్లో నాకు నిలబడినది ఒక్కటీ లేదు. నీరు కారుతోందని చెబితే పట్టీ ఇంకా బిగించుకోమని సిబ్బందిలో ఒకరు సలహా ఇచ్చారు. బిగించే కొద్దీ సిలికోన్ అంచు వంకరపోయి నీరు ఇంకా ఎక్కువగా వస్తుంది, నుదుటి మీద గంటల తరబడి పోని గీత కూడా పడుతుంది. పట్టీ పని మాస్కును పడిపోకుండా ఉంచడం మాత్రమే. నీటిని ఆపేది సిలికోన్ అంచు. అంచు కింద ఒక్క వెంట్రుకల పాయ ఇరుక్కున్నా నీరు దారి చేసుకుంటుంది, మీసం ఉన్నవారికి పై పెదవి దగ్గర ఇదే సమస్య వస్తుంది. వారు సిలికోన్ గ్రీజు పలుచగా రాసుకుంటే చాలా వరకు తగ్గుతుంది.

అద్దం మసకబారడం గురించి కూడా చెప్పాలి. ముఖం నుంచి వచ్చే వెచ్చని తేమ చల్లని అద్దానికి తగిలి చిన్న చిన్న బొట్లుగా పేరుకుంటుంది, ముక్కుతో గాలి వదిలితే అది మరింత పెరుగుతుంది. నీళ్లలోకి దిగే ముందు లోపలి వైపు ఉమ్మి రాసి, లేదా నీళ్లు కలిపిన బేబీ షాంపూ ఒక చుక్క రాసి, ఒకసారి తొలిపితే చాలు. కొత్త మాస్కు అయితే తయారీలో అద్దం మీద మిగిలిన సిలికోన్ పొర పోయేదాకా మామూలు టూత్‌పేస్ట్‌తో రుద్దాలి. ఆ పొర పోకపోతే షాంపూ రాసినా ఫలితం ఉండదు. నా సొంత మాస్కు నా సంచిలో ఉంది కాబట్టి నా రోజు బాగా గడిచింది. మాతో వచ్చినవారిలో కొందరు మాత్రం సగం సమయం తల పైకెత్తి నీళ్లు పారబోసుకోవడంతోనే గడిపారు. కళ్లద్దాలు వాడేవారైతే పవర్ ఉన్న లెన్సులు బిగించిన మాస్కులు దొరుకుతాయి, అవి కొనుక్కోవడానికి పెట్టే ప్రతి రూపాయీ సార్థకమే.

ముఖం మొత్తాన్ని కప్పే మాస్కుల గురించి చాలామంది అడుగుతుంటారు. 2014 తర్వాత ఇవి బాగా ప్రచారంలోకి వచ్చాయి. నోట్లో గొట్టం పెట్టుకోవడం ఇష్టం లేనివారికి మొదట్లో హాయిగా అనిపిస్తాయి. నేను కొంతకాలం వాడి వదిలేశాను. వదిలిన గాలి సరిగ్గా బయటికి వెళ్లకుండా లోపలే కొంత మిగిలిపోతే అదే కార్బన్ డయాక్సైడ్‌ను మళ్లీ పీలుస్తాం. చవక రకాల్లో కళ్ల భాగానికీ నోటి భాగానికీ మధ్య అడ్డు సరిగ్గా లేకపోతే ఈ ప్రమాదం ఎక్కువ. పైగా ముక్కు పట్టుకుని చెవుల ఒత్తిడి సరిచేసుకునే వీలు లేదు, కాబట్టి రెండు మీటర్ల లోతుకు మునగడం కూడా కష్టమే. ఈ యాట్‌లో అవి పెట్టలేదు, అందుకు వారిని మెచ్చుకుంటున్నాను.

ఇక నన్ను పూర్తిగా ఈ యాట్ వైపు తిప్పిన సంగతి చెబుతాను. పగడపు దిబ్బ దగ్గరికి వచ్చాక కెప్టెన్ లంగరు వేయలేదు. నీటి మీద తేలుతున్న ఒక బోయా దగ్గరికి పడవను మెల్లగా తీసుకెళ్లి, కొక్కెం కర్రతో దాని తాడును అందుకుని, పడవ ముందు భాగానికి కట్టించారు. లంగరు వేసే పడవ గొలుసును నీటి లోతుకు 5 నుంచి 7 రెట్లు వదులుతుంది. గాలి మారినప్పుడల్లా పడవ తిరుగుతుంది, ఆ గొలుసు అడుగున ఉన్న పగడాన్ని ఊడ్చుకుంటూ పోతుంది. బండల్లా గుండ్రంగా పెరిగే పగడాలు ఏడాదికి 2 సెంటీమీటర్లు మించి పెరగడం అరుదు, అంటే ఒక్క లంగరు ఒక్క మధ్యాహ్నం చేసిన గాయం మానడానికి దశాబ్దాలు పడుతుంది. దీనికి పరిష్కారంగా 1981లో ఫ్లోరిడాలోని కీ లార్గో దగ్గర జాన్ హాలస్ అనే జీవశాస్త్రవేత్త, సముద్రపు అడుగున రాతిలో రంధ్రం తొలిచి, అందులో ఉక్కు కొక్కేన్ని సిమెంటుతో బిగించి, దానికి బోయాను కట్టే పద్ధతిని తీసుకొచ్చారు. ఆ తర్వాత అది ఎన్నో దేశాలకు చేరింది. మేం చేరేసరికి మొదటి బోయాకు మరో పడవ కట్టి ఉంది. పక్కనే లంగరు వేయడానికి చోటున్నా, మా కెప్టెన్ రెండో బోయా దాకా పడవను తీసుకెళ్లారు. దానికి కొంత సమయం పట్టింది, ఎవరూ విసుక్కోలేదు. 2023లో మొదలైన పగడాల తెల్లబారడాన్ని, అంటే నీటి వేడికి పగడాలు రంగు కోల్పోవడాన్ని, ప్రపంచవ్యాప్తంగా నమోదైన నాలుగోదిగా 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ధ్రువీకరించారు. వేడెక్కిన నీటితో ఇప్పటికే సతమతమవుతున్న దిబ్బ మీద గొలుసు ఈడ్చే పడవను నేను ఎవరికీ సిఫారసు చేయను, అది ఎంత అందంగా ఉన్నా సరే.

కట్టేసిన తర్వాత ఇంజిన్ ఆపి, తాళంచెవిని తీసి మాకు చూపించి, అప్పుడే నిచ్చెన దించారు. నీళ్లలో మనుషులుండగా పడవను నడిపే పంకా (ప్రొపెల్లర్) తిరగకూడదన్నది ప్రాథమిక నియమం, కానీ దాన్ని కళ్ల ముందు చేసి చూపించే కెప్టెన్లు తక్కువ. అయితే లోపలి ఏసీ కోసం జనరేటర్‌ను మాత్రం ఆపకుండా వదిలేశారు. పైన కూర్చున్నవారికి అది చిన్న గుర్రుమనే శబ్దం. నీళ్లలో తల పెట్టినవారికి మాత్రం అదే పెద్ద హోరు. నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్ల వేగంతో, అంటే గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంతో ప్రయాణిస్తుంది. నేను పైకి వచ్చి అడిగితే వెంటనే ఆపేశారు. ఆపిన తర్వాత దిబ్బ గొంతు విప్పింది. చిటికె రొయ్యలు చేసే శబ్దం ఎండు పుల్లలు మంటలో చిటపటలాడినట్టు నలుమూలల నుంచీ వినిపిస్తుంది. శబ్దం వేగం వల్ల అది ఏ వైపు నుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు. దూరం నుంచి వచ్చే పడవ దిక్కు కూడా ఇలాగే తెలియదు కాబట్టి, పడవ మీద ఒకరు నిలబడి చుట్టూ గమనిస్తూ ఉండడం తప్పనిసరి. ఇక్కడ ఆ మనిషి ఉన్నారు, ఫోన్ చూసుకోకుండా ఉన్నారు.

ఆ నిశ్శబ్దంలో ఒక చిలుక చేపను చాలాసేపు వెంబడించాను. ముక్కులా కలిసిపోయిన పళ్లతో అది దిబ్బను కొరుకుతుంటే కటుక్కుమనే శబ్దం స్పష్టంగా వినిపించింది. కొరికిన చోట జంట గీతలు తెల్లగా మిగిలాయి. కాసేపటికి అది తోక వెనుక ఒక చిన్న ఇసుక మబ్బును వదిలి వెళ్లింది. తిన్న సున్నపురాయిని పిండి చేసి బయటికి పంపే ఈ చేపలు ఎన్నో తీరాల్లోని తెల్లని ఇసుకకు ఒక ప్రధాన కారణం. నీటిలో వస్తువులు దాదాపు మూడో వంతు పెద్దగా, ఉన్నదానికంటే దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి చేయి చాచితే అందుతుందనిపిస్తుంది. చాచవద్దు. పగడాన్ని తాకవద్దు, దాని మీద నిలబడవద్దు.

గుంపులుగా తీసుకెళ్లే పడవల్లో నేను ఎప్పుడూ పొందలేనిది ఈ సమయమే. అక్కడ ఈల ఊదగానే అందరూ ఎక్కాలి. ఇక్కడ ఉదయాన్నే, నేల వేడెక్కి సముద్రపు గాలి బలపడక ముందే వెళ్లమని మేం కోరితే అలాగే తీసుకెళ్లారు. అల తక్కువ, నీరు తేటగా ఉంది. కెప్టెన్ ముందుగా ప్రవాహం ఏ వైపు ఉందో చూసి, దానికి ఎదురుగా ఈది, అలసిన తర్వాత దానితో పాటు తిరిగి రమ్మన్నారు. ప్రైవేట్ యాట్‌కు పెట్టే డబ్బు పరుపులకు కాదు, ఈ వెసులుబాటుకు.

చర్మం విషయం క్లుప్తంగా చెబుతాను. పగడాలకు హాని చేస్తాయన్న కారణంతో, అమెరికా రాష్ట్రమైన హవాయి 2021 జనవరి 1 నుంచి, పసిఫిక్ ద్వీపదేశం పలావు 2020 జనవరి 1 నుంచి ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని నిషేధించాయి. మీరు ఎక్కడికి వెళ్లినా పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే వీపుకు ఏ క్రీమూ రాయవలసిన పని ఉండదు. కడుపులో తిప్పే అలవాటు ఉన్నవారు మాత్రను పడవ ఎక్కక ముందే, వైద్యుడిని అడిగి వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా ఉపయోగం ఉండదు.

ఈత రానివారు వెళ్లవచ్చా అంటే, ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్‌తో, పక్కన సిబ్బందిలో ఒకరు నీళ్లలోనే ఉంటే వెళ్లవచ్చు. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవారు మాత్రం ముందు వైద్యుడితో మాట్లాడాలి. గొట్టంలోంచి గాలి పీల్చడం మామూలు శ్వాస కంటే శ్రమతో కూడినది. ఊపిరి అందనట్టు అనిపించిన క్షణంలోనే నోటి నుంచి గొట్టం తీసేసి, వెల్లకిలా తేలి, చేయెత్తి పిలవాలి.

ఈ యాట్‌ను నా సొంత డబ్బుతో తీసుకుంటానా? తీసుకుంటాను, బుక్ చేసేటప్పుడు అదే కెప్టెన్ కావాలని అడిగి మరీ తీసుకుంటాను. మాస్కులు మూడు నాలుగు కొలతల్లో తెప్పించమని సంస్థకు రాతపూర్వకంగా చెప్పాను. వారు తెప్పించేదాకా మీ మాస్కును మీరే తీసుకెళ్లండి. వేరే ఏ సంస్థ యాట్ తీసుకుంటున్నా డబ్బు కట్టక ముందే, దిబ్బ దగ్గర పడవను బోయాకు కడతారా లంగరు వేస్తారా, నీళ్లలో మనుషులున్నంతసేపూ జనరేటర్ ఆపుతారా, నిచ్చెన మెట్లు నీటిలోకి ఎన్ని దిగుతాయి అని అడగండి. సూటిగా సమాధానం చెప్పలేని యాట్‌ను వదిలేసి ఇంకొకటి చూసుకోండి.