అన్నీ కలిపిన రైలు యాత్ర: ‘అన్నీ’ అంటే ఎన్ని?

(తెర మీద: ఒక బల్ల, దాని మీద రెండు కరపత్రాలు. పక్కనే సగం తాగిన టీ గ్లాసు.)

రెండూ రైలు యాత్రల కరపత్రాలే. ఒకదాని మీద ధర వేలల్లో ఉంది, రెండోదాని మీద లక్షల్లో. రెండూ చెప్పే మాట మాత్రం ఒకటే: టికెట్టు, భోజనం, బస, ఊళ్లో తిప్పే బస్సు, అన్నీ కలిపి. పట్టాలు అవే, ఇంజను అలాంటిదే. మరి ఇంత తేడా ఎక్కడిది?

(తెర మీద: కోనసీమ రోడ్డు, కొబ్బరి తోటలు, కాలవ గట్టు.)

ఈ ‘అన్నీ కలిపి’ మన గోదావరి జిల్లాల వాళ్లకు కొత్తేమీ కాదు. కాశీకి వెళ్లినవాడు కాటికి వెళ్లినవాడు ఒకటే అనుకునే రోజులు పోయాక, ఊరికో కాశీ బస్సు బయలుదేరేది. బస్సు మీద గంగాళాలు, బియ్యం బస్తాలు, వెనక సీట్లో వంటవాళ్లు. ఎక్కడ ఆగితే అక్కడ పొయ్యి. మినప సున్నుండల డబ్బా ఎవరిదో, తినేది ఎవరో. యాత్రా రైలు ఆ బస్సుకు తమ్ముడే. కాకపోతే రాత్రిపూట నడుము వాల్చే వీలుంది.

2021 నవంబరులో రైల్వే శాఖ భారత్ గౌరవ్ అనే పథకం తెచ్చింది. పెట్టెలను అద్దెకు తీసుకుని యాత్రా రైలు నడుపుకోవచ్చు, ఐఆర్‌సీటీసీ అయినా సరే, ప్రైవేటు సంస్థ అయినా సరే. మొదటి రైలు 2022 జూన్‌లో కోయంబత్తూరు నుంచి షిర్డీకి వెళ్లింది. మన వైపు 2023 మార్చిలో సికింద్రాబాద్ నుంచి పూరీ, కాశీ, అయోధ్య యాత్ర మొదలైంది. ఎనిమిది రాత్రులు, తొమ్మిది పగళ్లు. ఏలూరు, రాజమండ్రి, సామర్లకోటల్లో కూడా ఎక్కనిచ్చారు.

(తెర మీద: వాకిట్లో ముగ్గుపిండితో గీసిన పొడవాటి రైలు పెట్టె. చేతిలో గుప్పెడు చింతగింజలు.)

ఇప్పుడు అసలు లెక్క. ఇది ఒక రైలు పెట్టె, మొదటి కరపత్రంలోది. ఇందులో చింతగింజలు పోస్తున్నాను. స్లీపరు అయితే 72, కొత్త రకం ఎల్‌హెచ్‌బీ పెట్టె అయితే 80. సెకండ్ ఏసీ అయితే యాభైకి అటూ ఇటూ.

ఇక రెండో కరపత్రం. 2010లో మొదలైన మహారాజాస్ ఎక్స్‌ప్రెస్. అందులో అన్నిటికన్నా చవక తరగతిని డీలక్స్ అంటారు. పెట్టెకు నాలుగు గదులు, గదికి ఇద్దరు. అంటే ఎనిమిది గింజలు. జూనియర్ సూట్ అయితే పెట్టెకు మూడు గదులు, ఆరు గింజలు. సూట్ అయితే నాలుగు. అన్నిటికన్నా పైది ప్రెసిడెన్షియల్ సూట్. దానికి పెట్టె మొత్తం ఒక్కటే ఇల్లు.

(తెర మీద: ముగ్గు పెట్టె ఖాళీగా, మూలన రెండు మూడు గింజలు.)

పెట్టెను లాగే ఖర్చు ఎనభై మంది ఉన్నా, ఇద్దరున్నా పెద్దగా మారదు. మారేది ఆ ఖర్చును పంచుకునే తలల సంఖ్య. వెండి పళ్లెం, గదిలోనే స్నానాల గది, పిలిస్తే పలికే మనిషి, ఇవన్నీ ఆ తర్వాత. ధరలో ముందు కూర్చున్నది ఖాళీ జాగా.

ప్యాలెస్ ఆన్ వీల్స్ 1982లో రాజస్థాన్‌లో, డెక్కన్ ఒడిస్సీ 2004లో మహారాష్ట్రలో, గోల్డెన్ చారియట్ 2008లో కర్ణాటకలో పట్టాలెక్కాయి. లెక్క దాదాపు ఇదే. మన గోదావరి వంతెన వాటి మామూలు దారిలో లేదు. ఢిల్లీకో, ముంబైకో, బెంగళూరుకో వెళ్లి ఎక్కాలి. ఆ ప్రయాణం ఖర్చు ‘అన్నీ’లో లేదు.

ఇంకో మాట, నా అభిప్రాయంగానే తీసుకోండి. వేలవైనా లక్షలవైనా ఈ రైళ్లు ఎక్కువగా రాత్రిపూట పరుగెత్తుతాయి, పగలు మనల్ని దింపి ఊరు చూపిస్తాయి. బెర్తే లాడ్జి గది. ఖర్చు కలిసొచ్చేదీ అక్కడే, కిటికీ పోయేదీ అక్కడే. కిటికీ కోసమే రైలెక్కేవాళ్లు పగటి బండిలో నిడదవోలు నుంచి భీమవరం మీదుగా నరసాపురం వెళ్లండి. చేపల చెరువులు, వరి మళ్లు, కాలవలు. ఈ వైభవానికి ప్యాకేజీ అక్కర్లేదు.

(తెర మీద: కరపత్రం అడుగున చిన్న అక్షరాలు, వాటి మీద భూతద్దం.)

ఇప్పుడు చిన్న అక్షరాలు. ఇవి నేను చదవలేదు, ఫలితం మా పిన్ని అనుభవించింది. పిన్నిది ముమ్మిడివరం. చవకగా ఉందని స్లీపరు తరగతి ప్యాకేజీ తీసింది నేనే. ‘బస’ అన్న మాట చూసి రోజూ గది ఉంటుందనుకున్నాను. కొన్ని ఊళ్లలో ఇచ్చేది స్నానం చేసి బట్టలు మార్చుకోవడానికి మాత్రమేనని, అదీ గదికి నలుగురైదుగురు కలిసి వాడుకోవాలని కింద రాసే ఉంది. కింది బెర్తు కావాలని అడగడమూ మరిచాను. అరవై నాలుగేళ్ల మనిషి పై బెర్తు చూసి నాకు ఫోను చేసింది. “నాన్నా, నేను కొబ్బరి చెట్టు ఎక్కేదాన్నని ఎవరు చెప్పారు నీకు?” పెట్టెలో ఒక కుర్రాడు జాలిపడి బెర్తు మార్చుకున్నాడు.

‘అన్నీ’లో సాధారణంగా ఉండేవి: పొద్దున టీ, టిఫిను, రెండు పూటలా భోజనం, స్టేషన్ నుంచి గుడికి బస్సు, ప్రయాణ బీమా, వెంట ఉండే నిర్వాహకులు. భోజనం శాకాహారమే. పులస ముచ్చట్లు చెప్పుకోవచ్చు, అంతే. లేనివి: కోటలు, మ్యూజియాల ప్రవేశ రుసుము, పడవ, గైడు, బట్టల ఉతుకు, బక్షీసులు. కాశీ దాకా వెళ్లి గంగలో పడవెక్కకుండా ఎవరైనా వస్తారా? ఆ డబ్బు విడిగా కట్టుకుని వెళ్లాలి.

రద్దు సంగతి కూడా. ఇది మామూలు రైలు టికెట్టు కాదు. బయలుదేరే తేదీ దగ్గరపడేకొద్దీ కోత పెరుగుతుంది, చివరి రోజుల్లో మానుకుంటే చేతికి ఏమీ రాకపోవచ్చు. వరి కోతలో, చేపల పట్టుబడిలో ఉన్నవాళ్లు తేదీ ఖాయం చేసుకునే ముందు పొలం వైపు, చెరువు వైపు ఓసారి చూసుకోండి.

డబ్బు కట్టే ముందు నిర్వాహకులను నేనైతే ఒక్క ప్రశ్న అడుగుతాను. ఎన్ని క్షేత్రాలు అని కాదు, కాశీలో ఎన్ని గంటలు అని. జాబితాలో పది పేర్లుంటాయి. వాటిలో మూడింటిని బస్సు కిటికీలోంచి చూపించి ముందుకు పోతే, దణ్ణం కూడా బస్సులోంచే పెట్టుకోవాలి.

(తెర మీద: ఎదుర్లంక, యానాం మధ్య వంతెన. కింద గోదావరి పాయ గౌతమి.)

కోనసీమ వాళ్లకు ఇంకో చిక్కుంది. కోటిపల్లి, నరసాపురం రైలు మార్గం మంజూరై రెండు దశాబ్దాలు దాటినా ఇంకా పూర్తి కాలేదు. అందుకని రైలుకోసం ముందు రోడ్డెక్కాలి. పిన్ని ఈ వంతెన దాటి, యానాం, కాకినాడల మీదుగా సామర్లకోట చేరింది. గోదావరి రైలు వంతెన మీంచి నదిలో వేయడానికి కొంగున రూపాయి బిళ్ల కట్టుకుంది. సామర్లకోటలో ఎక్కి ఉత్తరాదికి పోయేవాళ్లకు ఆ వంతెన తగలదని నేను చెబితే, ఆటో ఆపించి ఇక్కడే గౌతమిలో వేసింది.

(తెర మీద: సామర్లకోట ప్లాట్‌ఫారం, అర్ధరాత్రి. సంచీలోంచి మూత బిగించిన గంగ చెంబు, ఖాళీ కందిపొడి డబ్బా, ఒక చిన్న పుస్తకం బయటికొస్తాయి.)

తిరిగొచ్చిన రాత్రి పిన్ని నా చేతిలో పెట్టింది ప్రసాదం కాదు, ఈ పుస్తకం. ప్యాకేజీ కాక పైన పెట్టిన ప్రతి పైసా రాసుకుంది. పడవ, రిక్షా, మంచినీళ్ల సీసాలు, పూలు, గయలో గొడుగు. చివరి వరుసలో ఇలా ఉంది: స్నానాల గది ముందు నిలబడినది, మొత్తం నాలుగు గంటలు. దాని పక్కన డబ్బుల గడిలో నా పేరు రాసింది.