తలకోనా, గుడిమల్లమా? తిరుపతి నుంచి సైకిలు మీద రెండు దారులు – రివ్యూ

నమస్కారం. తిరుపతి నుంచి సైకిలు మీద బయలుదేరి, ఒక్క రోజులో అడవీ చరిత్రా రెండూ చూడాలంటే ఎటు వెళ్ళాలి అని ఎవరిని అడిగినా ఒకటే జవాబు వస్తుంది. చంద్రగిరి మీదుగా తలకోన జలపాతానికి వెళ్ళు అంటారు. ఈ వీడియోలో నేను ఆ జవాబుతో కాస్త పేచీ పెట్టుకోబోతున్నాను. తలకోన దారి చెడ్డదని కాదు. చేతిలో ఒకే రోజు ఉండి, సైకిలు కొని ఎక్కువ కాలం కాని మనిషైతే హ్యాండిల్ పాత శివాలయం ఉన్న గుడిమల్లం వైపు తిప్పమంటాను. ఎందుకో రెండు దారులూ చూపిస్తూ చెబుతాను.

ముందు సైకిలు గురించి రెండు మాటలు. నాది గేర్లున్న హైబ్రిడ్ సైకిలు, 35 మిల్లీమీటర్ల టైర్లు. సన్న టైర్ల రేసు సైకిలైతే ఊళ్ళలోని సిమెంటు రోడ్ల అతుకుల దగ్గర నడుము గుర్తొస్తుంది. బాగా లావు టైర్లయితే ఘాట్‌లో ఊపిరి గుర్తొస్తుంది. వెనక క్యారేజీకి ఒక సంచి, నీళ్ళు మూడు లీటర్లు, పంక్చరు సామాను. ఇంతకు మించి మోయకండి.

తలకోన దారితో మొదలుపెడదాం. తిరుపతి నుంచి సుమారు 60 కిలోమీటర్లు. ఊరు దాటేదాకా ఆటోలు, బస్సులు, పెళ్ళి బృందాల వ్యాన్లు. పన్నెండు కిలోమీటర్లు వెళితే శ్రీనివాస మంగాపురం వస్తుంది. పెళ్ళయిన తరువాత శ్రీనివాసుడు, పద్మావతి ఆరు నెలలు ఇక్కడే అగస్త్యుడి ఆశ్రమంలో ఉన్నారని స్థలపురాణం. కల్యాణ వేంకటేశ్వరుడి గుడి పురావస్తు శాఖ రక్షిత కట్టడం, ఆవరణ శుభ్రంగా ఉంటుంది. పొద్దున్నే చేరితే దర్శనం త్వరగా అయిపోతుంది. చెప్పులతో పాటు హెల్మెట్ ఎక్కడ పెట్టాలన్నది మాత్రం మీరే తేల్చుకోవాలి.

అక్కడి నుంచి చంద్రగిరి పక్కనే. చాలామంది సైకిలు వాళ్ళు కోట ముందు ఒక ఫొటో దిగి ముందుకు సాగిపోతారు. నాకు ఇది నచ్చదు. ఈ ఊరు విజయనగర రాజ్యానికి చివరి రాజధానుల్లో ఒకటి. అంతకు ముందు సాళువ నరసింహుడు ఇక్కడి నుంచే ఎదిగి విజయనగర సింహాసనం ఎక్కాడు. 1639లో మద్రాసు స్థలం ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్ళిన వ్యవహారం నడిచినప్పుడు చంద్రగిరే రాయల రాజధాని. ఇప్పుడున్న చెన్నై మహానగరం కథ ఈ చిన్న ఊరి మీదుగా నడిచిందన్నమాట.

ఇదిగో, తెర మీద రాజమహల్. మూడు అంతస్తులు. పైన చిన్న చిన్న గోపురాలు గుడి విమానాలను తలపిస్తాయి, కింద తోరణాలేమో సుల్తానుల పద్ధతివి. లోపలికి వెళ్ళాక ఒకసారి తలెత్తి పైకప్పు చూడండి. ఎక్కడా కొయ్య దూలం లేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. బరువంతా కమానుల మీదుగా గోడల్లోకి దిగుతుంది. ఎండలో తొక్కి వచ్చిన ఒంటికి ఆ మందపాటి గోడల చల్లదనం ఎంత హాయో వేరే చెప్పాలా! లోపలే పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, శుక్రవారం సెలవు. ఆ రోజు వెళ్ళి గేటు కడ్డీలు లెక్కపెట్టకండి. వెనక రాణీమహల్ చిన్నది, కానీ గోడల మీద గచ్చు పని చూడాలంటే అక్కడే నిలబడాలి. కోటకు నా మార్కులు పదికి తొమ్మిది. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, ఆవరణలో మనం పారేస్తున్న ప్లాస్టిక్ సీసాలకు.

ఇక రంగంపేట దాటాక అసలు పరీక్ష. భాకరాపేట ఘాట్. ఎక్కుడు మొదలయ్యే ముందే ముందు చిన్న పళ్ళ చక్రం, వెనక పెద్ద పళ్ళ చక్రం మీదికి గొలుసు వేసేయండి. ఎక్కుడు మధ్యలో, పెడల్ మీద బలమంతా పెట్టి గేరు మారిస్తే గొలుసు గరగరమని గోల చేస్తుంది, ఒక్కోసారి జారిపోతుంది. ఎక్కడం కష్టమే కానీ భయపెట్టేది ఎక్కడం కాదు, మదనపల్లె వైపు నుంచి దిగే లారీలు. మలుపుల్లో వాటికి మనం కనపడం, వాటి హారన్ మనకు ఆలస్యంగా వినపడుతుంది. ముదురు రంగు చొక్కా ఇంట్లో వదిలేసి, వెనక మెరిసే ఎర్రదీపం పగలే వేసుకోండి. తిరుగు ప్రయాణంలో ఇదే ఘాట్ దిగుడు. బ్రేకు అదేపనిగా నొక్కిపట్టకుండా ముందు, వెనక మార్చి మార్చి నొక్కుతూ రండి. అలా చేస్తే రిమ్ము వేడెక్కదు. రోడ్డుకు నా మార్కులు నాలుగు.

భాకరాపేటలో పెద్దరోడ్డు వదిలి కుడివైపు తిరిగాక మాత్రం నా కోపమంతా పోతుంది. మామిడి తోటలు, వేరుశనగ చేలు, రోడ్డు మీదికి వంగిన చింతచెట్లు. నెరబైలు దాటితే శేషాచలం అడవి దగ్గరికి వచ్చేస్తుంది. తలకోన చూడని వాళ్ళు కూడా ఈ కొసరు ముక్క కోసం రావచ్చు. నిజానికి జలపాతం కంటే నాకు ఈ రోడ్డే ఎక్కువ నచ్చింది.

ఇక్కడ ఒక చెట్టు దగ్గర కెమెరా ఆపాను చూడండి. ఎర్రచందనం. ఎర్రగా ఉంటుందని వెతికితే ఎప్పటికీ కనపడదు. బెరడు నల్లగా, నిలువునా అడ్డంగా పగిలి, గళ్ళు గళ్ళుగా మొసలి చర్మంలా ఉంటుంది. ఆకు తరచుగా మూడు రెబ్బలు. కాయ గుండ్రంగా, చుట్టూ పల్చటి రెక్కతో ఉంటుంది. ఎరుపంతా లోపలి చేవలో దాక్కుంటుంది. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది దాదాపుగా మన తూర్పు కనుమల దక్షిణ కొసలోనే. దొంగరవాణా సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి, అడవి పక్కన సంచీతో ఆగిన మనిషిని అటవీ శాఖ సిబ్బంది పలకరిస్తే విసుక్కోకండి. గుర్తింపు కార్డు చూపించి, నాలుగు మాటలు మాట్లాడండి. ఏనుగులు ఎటు తిరుగుతున్నాయో వాళ్ళకే బాగా తెలుసు. శేషాచలంలో ఏనుగుల గుంపులున్నాయి, చిరుతలున్నాయి. చీకటితో బయలుదేరడం, చీకటి పడ్డాక తిరిగి రావడం సైకిలు మీద అసలు వద్దు.

తలకోన జలపాతం 270 అడుగులు, రాష్ట్రంలో ఎత్తయినది ఇదే. కింద సిద్ధేశ్వర స్వామి గుడి, అక్కడి నుంచి నడక. ఈ వైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి నీటి జోరు చూడాలంటే ఆ తరువాతి వారాల్లో రావాలి. మే నెలలో వచ్చి, ఇదేనా జలపాతం అని పెదవి విరిస్తే తప్పు తలకోనది కాదు. ఒకే రోజులో వెళ్ళి తిరిగి వస్తే 120 కిలోమీటర్లు, మధ్యలో ఘాట్ రెండుసార్లు. కోటకు గంట, జలపాతానికి గంట తీసేస్తే పగటి వెలుగు సరిపోదు. నా ఫిర్యాదు ఇదే. రెండు రోజుల దారిని ఒక రోజులో కుదించి జనానికి చెబుతున్నారు.

ఇప్పుడు గుడిమల్లం. తిరుపతి నుంచి సుమారు 30 కిలోమీటర్లు. రేణిగుంట దాకా రద్దీ, ఆ తరువాత విమానాశ్రయం వైపు వెళ్ళి పాపానాయుడుపేట. ఘాట్ లేదు, దాదాపు చదును. స్వర్ణముఖి పరివాహకం, వరి పొలాలు, గట్ల మీద కొంగలు. ఇక్కడి శత్రువు లారీ కాదు, పల్లేరుకాయ! రోడ్డు అంచున మట్టిలోకి దిగారో, టైరుకు గుచ్చుకుంటుంది. చూడండి, ఈ ముల్లు గోరంత కూడా లేదు, ట్యూబు మాత్రం రెండు చోట్ల పోయింది. అందుకే మాసిక వేసే ముందు టైరు లోపలి వైపు వేలితో మెల్లగా తడిమి, విరిగిన ముల్లు మొన తీసేయాలి. లేకపోతే కొత్త మాసిక పక్కనే ఇంకో బెజ్జం పడుతుంది.

పాపానాయుడుపేట గాజుపూసలకు పేరున్న ఊరు. కరిగిన గాజు ముద్దను బోలుగా ఉంచి, చేత్తో సన్నటి గొట్టంలా బారుగా లాగి, ముక్కలు కోసి, అంచులు నున్నబడడానికి మళ్ళీ వేడి చేస్తారు. వెళ్ళే దారిలోనే ఉంది కాబట్టి ఆగి అడగండి. కారులో వెళ్ళేవాళ్ళకు అసలు కనపడని ఊరు ఇది.

గుడిమల్లంలో పరశురామేశ్వరుడి గుడి. బయటి నుంచి చూస్తే మామూలుగా ఉంటుంది. గర్భగుడి వెనక వైపు ఏనుగు వీపులా గుండ్రంగా తిరిగి ఉండడం గమనించండి, గజపృష్ఠం అంటారు. లోపల స్వామి మండపం నేల కంటే పల్లంలో ఉంటాడు. గర్భగుడిలో నేను కెమెరా తీయలేదు, కాబట్టి మాటల్లో చెబుతాను. సుమారు ఐదడుగుల లింగం. దాని ముందు వైపు, రాతిలోంచి బయటికి వచ్చి నిలబడినట్టు శివుడు. కుడిచేతిలో పొట్టేలు, కాళ్ళు పట్టుకుంటే తలకిందులుగా వేలాడుతోంది. ఎడమచేతిలో చిన్న పాత్ర, భుజం మీద గండ్రగొడ్డలి. చెవులకు బరువైన కుండలాలు, నడుముకు పల్చటి బట్ట, జంధ్యం లేదు. పాదాల కింద ఒక మరుగుజ్జు ఆయన బరువంతా మోస్తున్నాడు. దీపం వెలుగులో ఆ మరుగుజ్జు ముఖం చూడడానికి కొంచెం వంగాలి. క్రీస్తుపూర్వం రెండు, ఒకటో శతాబ్దాల నాటిదని చాలామంది పండితుల మాట, కొందరు తరువాతిదంటారు. ఏ లెక్క తీసుకున్నా చంద్రగిరి కోట దీని ముందు పిల్లదే. 1954 నుంచి పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది, పూజలూ జరుగుతున్నాయి.

మధ్యాహ్నానికి తిరుపతికి వచ్చేయవచ్చు. దారిలో నన్నారి షర్బత్ తాగండి, నిమ్మకాయ ఎక్కువ పిండమని అడగండి. రోడ్డుకు ఎనిమిది, గుడికి పదికి పది. నీడకు మాత్రం మూడే, చెట్లు తక్కువ.

తలకోన వెళ్ళాలనుకున్న వాళ్ళు రాత్రికి అక్కడే బస ముందుగా చూసుకుని, రెండో రోజు ఘాట్ దిగండి. వచ్చే వీడియోలో నారాయణవనం, నాగలాపురం దారి చూపిస్తాను. నాగలాపురంలో వేదనారాయణ స్వామి మీద సూర్యకిరణాలు పడేది మార్చిలో కాబట్టి చిత్రీకరణ అప్పటిదాకా ఆగాలి. పుత్తూరు వైపు తెల్లవారుజామున లారీల రద్దీ ఎలా ఉంటుందో ఆ దారిలో రోజూ తొక్కేవాళ్ళు కింద రాస్తే, బయలుదేరే వేళ దాన్ని బట్టి పెట్టుకుంటాను.