పొట్టలో నీరు: తీసేసి ఊరుకోకండి

అందరికీ నమస్కారం. అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం వైపుల నుంచి ఇంతమంది ఆశా కార్యకర్తలు వచ్చారు. ఇంటింటికీ తిరిగేది మీరే కాబట్టి మీతోనే చెబుతున్నాను.

పొట్టలో నీరు చేరిందనగానే మన ఊళ్లలో ‘తాగుడు వల్లే’ అనేస్తారు. జలోదరానికి ఎక్కువసార్లు కారణం లివర్ గట్టిపడటమే, నిజమే. మరి మందు ముట్టని ఆడమనిషికి పొట్ట పెరిగితే? గ్యాస్ అంటారు, ఒళ్లు చేసిందంటారు. ముఖం, చేతులు చిక్కిపోతూ పొట్ట ఒక్కటే పెరగడం ఒళ్లు చేయడం కాదమ్మా. అండాశయ క్యాన్సర్ చాలామందిలో ఇలాగే బయటపడుతుంది.

ఇంకా అరుదైనవీ ఉన్నాయి. పేగుల్ని కప్పే పల్చటి పొరలోనే మీసోథీలియోమా అనే క్యాన్సర్ పుట్టొచ్చు. సిమెంటు రేకుల్లో కలిపే ఆస్‌బెస్టాస్ అనే నార దుమ్ము పీల్చిన ఎన్నో ఏళ్లకు ఇది రావచ్చు. అందుకే ఆ రేకులు కోసే పని ఎప్పుడైనా చేశారా అని అడగండి. సూడోమిక్సోమా మరొకటి. ఏడాదికి పది లక్షల మందిలో ఏ ఒకరిద్దరికో, నలుగురికో వస్తుంది. ఎక్కువగా అపెండిక్స్‌లో చిన్న గడ్డగా మొదలై, పొట్టంతా సగ్గుబియ్యం జావలాంటి జిగట నింపుతుంది. సూది పెట్టినా సరిగ్గా రాదు. హెర్నియా ఆపరేషన్‌కని పొట్ట కోసినప్పుడు బయటపడ్డ కేసులూ ఉన్నాయి.

నాకు బాధ కలిగించేది ఒక్కటే. ఆయాసం తగ్గాలని నీరు తీస్తారు, పారబోస్తారు. మళ్లీ చేరుతుంది, మళ్లీ తీస్తారు. మొదటిసారి తీసిన నీరే ల్యాబ్‌కి వెళ్లాలి. ఆల్బుమిన్ అనే ప్రోటీన్ రక్తంలో ఎంత, నీటిలో ఎంత అని చూస్తారు. తేడా డెసిలీటరుకు 1.1 గ్రాములు గానీ, అంతకు మించిగానీ ఉంటే లివర్ వైపో, గుండె వైపో వెతకాలి. తక్కువైతే టీబీ, క్యాన్సర్ రెంటినీ అనుమానించాలి.

పొట్టలో టీబీ, క్యాన్సర్ రెండూ స్కాన్‌లో ఒకేలా కనిపిస్తాయి. అండాశయ క్యాన్సర్ అనుమానంతో చేసే సీఏ-125 రక్తపరీక్ష విలువ టీబీలోనూ పెరుగుతుంది, దాన్ని చూసి ఏడుపులు పెట్టుకోవద్దు. అలాగని నెలల తరబడి టీబీ మాత్రలు వాడుతూ, పొట్ట తగ్గకపోయినా కూర్చోవద్దు. నీటిలో క్యాన్సర్ కణాలు కనపడకపోయినా క్యాన్సర్ లేదని కాదు. లాప్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రం గుండా కెమెరా పెట్టి, చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తేనే తేలుతుంది.

తేలాక దారి ఉంది. సూడోమిక్సోమాకి, కొందరి మీసోథీలియోమాకి, కనిపించే గడ్డలన్నీ తీసేసి, 41 నుంచి 43 డిగ్రీల వేడి కీమో మందును పొట్టలోనే గంటో గంటన్నరో తిప్పుతారు. దాన్ని హైపెక్ అంటారు. చాలా పెద్ద ఆపరేషన్, అందరికీ సరిపడదు. అనుభవమున్న సర్జన్లే చేయాలి. అలాంటి సర్జన్ల దగ్గరికి పంపేటప్పుడు మొదటి నీటి రిపోర్టు, స్కాన్ సీడీ, బయాప్సీ స్లైడ్లు పేషెంట్ చేతికిచ్చి పంపండి.