వారానికి రెండు గంటల సంగీతం

[తెరపై రెండు అంకెలు పక్కపక్కన: 26.71, 1.88]

నమస్కారం. తెర మీద కనిపిస్తున్న ఈ రెండు అంకెలూ గంటలు. ఒక వారంలో ఒంటరిగా కూర్చుని పియానో సాధన చేసిన గంటలు.

అండర్స్ ఎరిక్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మరో ఇద్దరితో కలిసి బెర్లిన్‌లో ఒక అధ్యయనం చేశారు. అది 1993లో అచ్చయింది. అందులో 12 మంది నిపుణులైన పియానో కళాకారులు, 12 మంది ఇష్టం కొద్దీ వాయించుకునేవాళ్లు ఉన్నారు. రోజులో ఏ పనికి ఎంత సమయం పట్టిందో వారం పాటు రాసిపెట్టమన్నారు. నిపుణుల సగటు 26.71 గంటలు వచ్చింది. రెండోవాళ్ల సగటు 1.88 గంటలు. అంటే పద్నాలుగో వంతు.

మీలో చాలామంది '10 వేల గంటలు' అన్న మాట వినే ఉంటారు. అది ఈ అధ్యయనంలోని మరో భాగం నుంచి బయటికొచ్చింది. వృత్తి కళాకారులు కాబోతున్న వయొలిన్ విద్యార్థుల్లో మేటివాళ్లు 20 ఏళ్లు వచ్చేసరికి చేసిన సాధన సగటు అది. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని చూసుకుంటూ, సాయంత్రం ఒక రాగం పాడుకునే మనిషికి ఆ అంకెతో సంబంధమే లేదు. అయినా ప్రపంచమంతా దాన్నే పట్టుకుంది. 1.88ని ఎవరూ పట్టించుకోలేదు. ఈ వీడియో దాని గురించే.

[తెరపై లెక్క: 1.88 గంటలు → వారానికి 113 నిమిషాలు → రోజుకు 16 నిమిషాలు]

వారానికి దాదాపు 113 నిమిషాలు, రోజుకు 16 నిమిషాలు. ఏడాదికి వంద గంటల లోపే. ఈ లెక్కన 10 వేల గంటలు పూర్తి కావాలంటే నూరేళ్లు దాటుతుంది. కాబట్టి ఆ కొలబద్దను పక్కన పెడదాం. ఈ 16 నిమిషాలు నిజంగా ఎక్కడికి పోతున్నాయన్న ప్రశ్న మనకు ఎక్కువ పనికొస్తుంది.

[దృశ్యం: అలమర మీద గుడ్డ కప్పి ఉన్న వీణ. చేతులు దాన్ని కిందికి దించుతున్నాయి.]

వీణకు ఏడు తీగలు. నాలుగు వాయించేవి, మూడు తాళానివి. మెట్లు 24. అలమర మీద నుంచి జాగ్రత్తగా దించాలి, గుడ్డ తీయాలి, చాప వేయాలి, ఆధార స్వరం మోగించే శ్రుతి పెట్టె ఆన్ చేయాలి, తీగలు బిగించే బిరడలు తిప్పుతూ ఒక్కో తీగనూ శ్రుతిలోకి తేవాలి. కొన్నాళ్లు ముట్టుకోకపోతే తీగలు శ్రుతి తప్పి ఉంటాయి. చేయి తిరిగినవాళ్లు గబగబా చేసేస్తారు. మొదటి రెండు మూడేళ్లలో ఉన్నవాళ్లకు ఒక్క స్వరం పలికించకముందే 16 నిమిషాల్లో సగం అయిపోతుంది.

మృదంగం సంగతి ఇంకా కష్టం. ఎడమ పక్క తొప్పి మీద తడిపిన రవ్వ ముద్ద పెడితేనే ఆ గంభీరమైన నాదం వస్తుంది. వాయించిన తర్వాత దాన్ని గీకి శుభ్రం చేయాలి. ఇది ప్రతిసారీ తప్పదు. రవ్వ ఎండిపోతే నాదం మారిపోతుంది, మళ్లీ తడి చేయాలి. పావుగంట వాయించుకుందామని కూర్చున్న ఉద్యోగికి ముందొక పది నిమిషాలు, వెనకొక అయిదు నిమిషాలు పోతాయి. పైగా అపార్ట్‌మెంట్‌లో రాత్రి తొమ్మిది దాటితే పక్కింటివాళ్లు తలుపు తడతారు.

వేణువుకీ గాత్రానికీ ఈ బాధ లేదు. కీబోర్డుకు స్విచ్ నొక్కితే చాలు, హెడ్‌ఫోన్ పెట్టుకుంటే అర్ధరాత్రి అయినా వాయించుకోవచ్చు. పెద్దయ్యాక సంగీతం మొదలుపెట్టేవాళ్లు వాద్యం ఎంచుకునేటప్పుడు నాదం చూస్తారు, ధర చూస్తారు. సన్నాహానికి ఎంత సేపు పడుతుందో మాత్రం అడగరు. రోజుకు గంట దొరికే మనిషికి అది పెద్ద విషయం కాదు, పావుగంట దొరికే మనిషికి అదే అన్నిటికన్నా పెద్ద విషయం. వీణే కావాలనుకుంటే తప్పకుండా నేర్చుకోండి. కానీ దాన్ని అలమర మీద పెట్టకండి. హాలులో ఓ మూల, చేతికందే చోట, పిల్లలు తన్నకుండా చూసుకుని ఉంచండి.

[దృశ్యం: ఫోను తెర మీద పాట సాహిత్యం కదులుతోంది. హెడ్‌ఫోన్‌తో ఒక మధ్యవయస్కుడు పాడుతున్నాడు.]

ఇప్పుడు రెండు రకాల అభిరుచిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది కరావోకే, అంటే ముందే రికార్డు చేసిన వాద్య సంగీతానికి గొంతు కలిపి పాడడం. స్మ్యూల్, స్టార్‌మేకర్ లాంటి యాప్‌లలో రాత్రి భోజనం అయ్యాక పాత సినిమా పాట పాడేవాళ్లు తెలుగువాళ్లలో బోలెడంత మంది ఉన్నారు. పల్లవి ఒకరు విజయవాడలో పాడితే చరణం మరొకరు డాలస్‌లో పాడతారు. నాలుగు నిమిషాల పాటకు పట్టే సమయం అయిదారు నిమిషాలు. నచ్చకపోతే మళ్లీ పాడతారు. వాళ్లు వెచ్చించే సమయంలో దాదాపు అంతా గొంతులోకే పోతుంది.

రెండోది ఇంట్లో రికార్డింగ్. కంప్యూటర్‌లో పాట రికార్డు చేసి సరిచేసుకునే సాఫ్ట్‌వేర్లలో ఆడాసిటీ 2000లో వచ్చింది, గ్యారేజ్‌బ్యాండ్ 2004లో వచ్చింది. ఒకప్పుడు స్టూడియోకు డబ్బు కట్టి చేయాల్సిన పని బల్ల మీదికి చేరింది. కానీ స్టూడియోలో పదిమంది పంచుకునే పని ఇప్పుడు ఒక్కరి నెత్తిన పడింది. ఫ్యాను ఆపాలి, లేకపోతే మైకులో గాలి రొద. వంటింట్లో కుక్కర్ కూతలు అయ్యేదాకా ఆగాలి. వీధిలో ఆటో వెళ్లిపోవాలి. చెమటలు కక్కుతూ పాడాలి, నాలుగు సార్లు పాడిన దాంట్లోంచి బాగున్న ముక్కలు ఏరి అతకాలి, తబలా ఒక పిసరు తగ్గించాలి, గొంతుకు కాస్త ప్రతిధ్వని కలపాలి, హెడ్‌ఫోన్‌లో విని, ఫోనులో విని, కారులో విని మళ్లీ సరిచేయాలి. ఆ తర్వాత వీడియో తీయాలి, దానికో ముఖచిత్రం చేయాలి. నాలుగు నిమిషాల పాటకు ఆదివారాలు వరసగా కరిగిపోతాయి. వాటిలో నిజంగా పాడిన సేపు బహుశా అరగంట.

రెండో పని తక్కువదని నేను అనను. ధ్వనిని చెక్కడం కూడా సంగీతమే, దానికో వేరే చెవి కావాలి. నాకు నచ్చనిది ఒకటే. రికార్డింగ్ చేసేవాళ్లను 'సీరియస్' సంగీతకారులని, కరావోకే పాడేవాళ్లను కాలక్షేపమని అంటారు. గొంతు ఎవరిది ఎక్కువ సేపు పలికింది? రోజూ రాత్రి మూడు పాటలు పాడే ఆ మనిషి వారం తిరిగేసరికి బెర్లిన్ పియానో అభిరుచిపరుల లెక్కకు దగ్గరగా వచ్చేస్తాడు.

అయితే ఈ రెండింటికీ కావలసిన సమయం ఒక తీరుది కాదు. నేర్చుకోవడానికి సమయాన్ని విడదీయడం మంచిది. ఆదివారం రెండు గంటలు ఏకబిగిన కూర్చున్నదాని కన్నా రోజూ ఇరవై నిమిషాల చొప్పున ఆరు రోజులు చేసింది ఎక్కువ నిలుస్తుంది. జ్ఞాపకశక్తి మీద హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రచురించిన ప్రయోగాల నుంచి ఇప్పటిదాకా ఈ సంగతి మళ్లీ మళ్లీ రుజువవుతూనే ఉంది. కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, ఒక జంట స్వరం, వర్ణం అనే రచనలో ఒక్క చిట్టస్వరం ముక్క... ఇరవై నిమిషాల్లో హాయిగా పడుతుంది. బాణీ కట్టడం, రికార్డింగ్ అలా ముక్కల్లో సాగవు. యంత్రాలన్నీ సర్దుకుని మనసు అందులోకి దిగేసరికే అరగంట అవుతుంది. అలాంటివాళ్లు వారమంతా ఆగి ఒకేసారి మూడు గంటలు తీసుకోవడమే మేలు.

[దృశ్యం: జనవరి. ఆలయ మండపంలో వరుసలు కట్టి కూర్చున్న గాయకులు, చేతిలో సాహిత్యం కాగితాలు.]

త్యాగరాజ ఆరాధన. వాగ్గేయకారుడు త్యాగరాజు వర్ధంతి, పుష్య బహుళ పంచమి. తిరువైయ్యారులో కావేరి ఒడ్డున జరిగే ఆ గోష్ఠిగానం ఇప్పుడు హైదరాబాదు, విశాఖల్లోనూ, విదేశాల్లో తెలుగువాళ్లు, తమిళులు ఉన్న ఊళ్లలోనూ జరుగుతోంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి సాగుతోంది. ఎక్కడ జరిగినా కేంద్రం అయిదు రాగాల్లో త్యాగరాజు కట్టిన పంచరత్న కృతులే: నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగం. అయిదూ కలిపి పాడితే దాదాపు గంట.

ఆ గంట కోసం బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు నెలల తరబడి వారాంతాల్లో ఒకరింట్లో చేరి సాధన చేస్తారు. చరణాలు చాలా ఉంటాయి, స్వరం వెంటనే సాహిత్యం వస్తుంది, ఒకచోట తడబడితే పక్కవాళ్ల గొంతు పట్టుకుని మళ్లీ ఎక్కాలి. వరాళి రాగాన్ని గురువు శిష్యుడికి నేరుగా నేర్పకూడదన్న పాత నమ్మకం ఒకటుంది. దాన్ని పాటించేవాళ్లు విని విని నేర్చుకుంటారు. బస్సులో, కారులో, కూరగాయలు తరుగుతూ విన్న ఆ సమయాన్ని ఎవరూ సాధన కింద రాసుకోరు. కానీ కృతి చెవిలో కూర్చునేది అప్పుడే.

పల్లెల్లో చెక్క భజన బృందాలదీ ఇదే దారి. పొలం పని ముగిశాక రాత్రి రామాలయం ముందు గురువు అడుగులు చూపిస్తుంటే పాటా అడుగూ కలిపి నేర్చుకుంటారు. గుంపుకు ఒక గొప్ప బలం ఉంది. నా ఒక్కడి సాధనైతే రేపటికి వాయిదా వేసుకుంటాను. పదిమంది ఎదురుచూస్తుంటే వేయలేను.

[తెరపై ఛాయాచిత్రం: డాక్టర్ శ్రీపాద పినాకపాణి, 1913–2013]

జీవనోపాధి వేరు, సంగీతం వేరు అయిన మనుషులు ఎంత దూరం వెళ్లగలరో తెలుగువాళ్లు వేరే చోట వెతకనక్కర్లేదు. శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టిన పినాకపాణి గారు వైద్యులు. వైద్య కళాశాలలో పాఠం చెప్పిన ఆచార్యులు. కర్నూలులో స్థిరపడ్డారు. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వేంకటేశ్వర్లు, నూకల చిన సత్యనారాయణ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. కృతులను గమకాలతో, అంటే స్వరాలను ఊపే తీరుతో సహా స్వరపరచి రాసిన 'సంగీత సౌరభం' సంపుటాలను తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురించింది. 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది, 1984లో పద్మభూషణ్ వచ్చింది. ఆయనను అభిరుచిపరుడు అనడానికి నోరు రాదు. కానీ నెల జీతం వైద్యం నుంచే వచ్చేదన్నది నిజం.

మరో కొస రష్యన్ స్వరకర్త అలెగ్జాండర్ బొరోదిన్. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రసాయన శాస్త్ర ఆచార్యుడు. సెలవుల్లో, ఒంట్లో బాగాలేక పాఠాలు మానిన రోజుల్లో స్వరాలు రాసేవాడు. 'ప్రిన్స్ ఇగోర్' అనే ఒపేరా 1869లో మొదలుపెట్టాడు. 1887లో చనిపోయేనాటికి 18 ఏళ్లయినా అది పూర్తి కాలేదు. మిత్రులు రిమ్‌స్కీ-కొర్సకోవ్, గ్లజునోవ్ పూర్తి చేశారు. ఈ రోజుకీ దాన్ని ప్రదర్శిస్తున్నారు.

[తెరపై: 299 – 97]

మళ్లీ రెండు అంకెలు. ఇవి నిమిషాలు, మన దేశానివి.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా సమయ వినియోగ సర్వే చేసింది. ఆరేళ్లు దాటినవాళ్లు తెల్లవారుజామున నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా ఏం చేశారో అరగంట అరగంటగా అడిగి రాసుకున్నారు. ఇంటి పనిలో పాల్గొన్న ఆడవాళ్లు అందుకు రోజూ సగటున 299 నిమిషాలు ఇచ్చారు. పాల్గొన్న మగవాళ్లు 97 నిమిషాలు. ఆ మగవాళ్లు కూడా నూటికి 26 మందే, ఆడవాళ్లు నూటికి 81 మంది.

దీన్ని మన ఇళ్లలో పెట్టి చూడండి. సంగీతం క్లాసుకు ఎక్కువగా పంపేది ఆడపిల్లల్నే. గీతాలు, స్వరజతులు, వర్ణాలు, పదో పదిహేనో కృతులు వస్తాయి. పెళ్లిచూపుల్లో ఒకటి పాడిస్తారు. ఆ తర్వాత శ్రుతి పెట్టె ఏమైందో ఎవరూ అడగరు. పిల్లలు పెద్దవాళ్లయ్యాక, యాభై దాటాక, ఆమె మళ్లీ క్లాసులో చేరి 'గొంతు పోయిందండీ' అంటుంది. గొంతు పోలేదమ్మా. పాతికేళ్ల పాటు రోజుకు 16 నిమిషాలు ఇవ్వలేదు, అంతే.

వంట చేస్తూ ఆమె కూనిరాగం తీస్తూనే ఉంది కదా అంటారు. ఆ కూనిరాగం వల్లే పాఠం మరిచిపోలేదు, దానికి దండం పెట్టాలి. కానీ పోపు మాడకుండా చూసుకుంటూ రెండో కాలం సాధన చేయలేరు. అంతరాయం లేని సమయం వేరు, చేతులు పనిలో ఉన్న సమయం వేరు. మగవాళ్లకు సాయంత్రం దొరికే అరగంటకు ఈ గుణం సహజంగానే ఉంటుంది, ఎందుకంటే తలుపు అవతల ఎవరో అన్నం వండుతున్నారు.

కాబట్టి ఈ వారం ఇంట్లోవాళ్లంతా కూర్చుని ఒక పని చేయండి. బెర్లిన్‌లో చేసినట్టే, ఎవరు ఏ పనికి ఎంత సమయం ఇచ్చారో ఏడు రోజులు కాగితం మీద రాయండి. సంగీతం కోసం శ్రుతి చేసిన సేపు, విన్న సేపు, పాడిన సేపు విడివిడిగా రాయండి. ఇంట్లో పాడగలిగినవాళ్లలో ఎవరి కాగితం మీద ఆ మూడో గడి ఖాళీగా ఉందో, వాళ్లకు రోజూ ఇరవై నిమిషాలు కేటాయించండి. ఆ ఇరవై నిమిషాలు ఏ వేళన వస్తాయో, ఆ వేళ కుక్కర్ ఎవరు దించుతారో, పిల్లల హోంవర్క్ ఎవరు చూస్తారో, తలుపు తడితే ఎవరు లేస్తారో పేరుతో సహా ముందే రాసుకోండి.