కుక్క పంచాయితీ వేరు, గెట్టు పంచాయితీ వేరు

(మహబూబ్‌నగర్‌లో కాలనీవాసుల కోసం తయారుచేసిన ప్రసంగ పాఠం)

అన్నలకు, అక్కలకు, పెద్దలకు నమస్కారం.

ముందు ఒక దరఖాస్తు చదువుత. ఇది ఫలానా వాళ్లదని కాదు, ఇరుగుపొరుగు తగాదాల్లో రాసే కాగితాలు చాలావరకు ఇట్లనే ఉంటయి. "మా పక్కింటాయన కుక్క రాత్రంతా మొరుగుతున్నది. మా పిల్లగాని మీదికి ఉరికింది. అదిగాక ఆయన గోడను మా జాగలోకి అర్ధ అడుగు జరిపి కట్టిండు. అడిగితే కుక్కను ఉసిగొల్పుతున్నడు. కావున తగు చర్య తీసుకోగలరు."

ఈ కాగితం స్టేషన్‌లో ఇస్తే ఏమైతదో మీకు ఎరికే. అర్ధ అడుగు జాగ అనే మాట కనబడంగనే "ఇది సివిల్ మ్యాటరు, కోర్టుకు పోండి" అంటరు. కోర్టుకు పోతే అక్కడ కుక్క మొరుగుడు ఎవరికీ పట్టదు. రెండు తగాదాలు ఒక్క కాగితం మీద పెట్టినందుకు రెండూ ఆగిపోతయి.

అందుకే ఈ రెండింటినీ విడదీయమని చెప్తున్న. కుక్క సంగతి 15 రోజుల్లో, చేతి ఖర్చుతోని తేలేది. గెట్టు, అంటే జాగ హద్దు సంగతి, సరైన కాగితం, టేపు ఉంటే ఒక్క పూటలో తేలుతది, లేకుంటే పిల్లల తరం దాక పోతది. ముందు కుక్కను తేల్చుకోండి. ఒకసారి మాట కలిసినంక గోడ దగ్గరికి పోవుడు సులువు.

మొరుగుడుతోని మొదలుపెడదాం. "రాత్రంతా మొరుగుతది" అంటే అది కోపం, ఫిర్యాదు కాదు. ఏడు రోజులు ఒక నోటుబుక్కులో రాయండి. ఎప్పుడు మొదలైంది, ఎన్ని నిమిషాలు, ఆ టైంకు బజారులో ఏం జరిగింది. ఒక రాత్రి లెక్క ఇట్లుంటది: "11:40, 6 నిమిషాలు, బైకు పోయింది. 1:15, 25 నిమిషాలు, వీధి కుక్కలు గేటు కాడికి వచ్చినయి. 4:50, 10 నిమిషాలు, పాలాయన." వారం రాసి చూస్తే "రాత్రంతా" అన్నది మూడు సార్లకు దిగుతది, ప్రతిసారికీ ఒక కారణం దొరుకుతది. కుక్కగల్లాయన ముందర పెట్టాల్సింది ఈ పేజీని. కోపాన్ని చూపిస్తే ఆయనా కోపమే చూపిస్తడు, 1:15 అని చూపిస్తే ఆలోచిస్తడు.

ఇగ కారణాలు. గేటు సందులకెల్లి బజారు కనబడే కుక్క వచ్చేపోయే ప్రతి బండికీ మొరుగుతది. బండి ఎట్లాగూ పోతది, తను మొరిగినందుకే పోయిందని కుక్క అనుకుంటది. రోజుకు యాభై సార్లు ఇదే పాఠం. మందు ఏందంటే, గేటు కింది భాగాన్ని 4 అడుగుల ఎత్తు దాక రేకుతోని మూసుడు. గేటు కింద సందు 2 అంగుళాలు మించొద్దు. తలకాయ పట్టే సందు ఉంటే ఒళ్లు కూడా పడ్తది.

కట్టేసే చోటు కూడా చూడాలె. చాలామంది కుక్కను ఇంటి వెనుక, ఉమ్మడి గోడ పక్కనే కడ్తరు. తమ పడకగదికి దూరం, పక్కోళ్ల పడకగదికి దగ్గర. అక్కడినుంచి కనీసం 10 అడుగులు జరపండి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక వసారలోనో ఇంట్లోనో ఉంచండి. పగలంతా గొలుసు మీద ఉన్న కుక్క రాత్రి ఊకోదు. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నడిపిస్తే మొరుగుడు తగ్గుతది. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవుడు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరమే. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలే, కాబట్టి ఆ చట్టంతోని ఎవరూ భయపడరు.

ఆడకుక్క ఉన్న ఇంటిముందర ఏడాదికి రెండుసార్లు, రెండు మూడు వారాలు, ఊరి కుక్కలన్నీ పోగైతయి. ఆ కొట్లాట ఆపడానికి గేటుకు రేకు చాలదు, ఆపరేషన్ చేయించాలె.

ఒక జాగ్రత్త చెప్త. మార్పులు మొదలుపెట్టిన మొదటి మూడు నాలుగు రోజులు మొరుగుడు పెరుగుతది. ఇన్ని రోజులు పనిచేసిన ఉపాయం ఎందుకు పనిచేస్తలేదని కుక్క ఇంకా గట్టిగ ప్రయత్నిస్తది. ఆ నాలుగో రోజు పక్కింటోళ్లు "ఏం ఫాయిదా లేదు" అని మళ్లీ కొట్లాటకు వస్తరు. అందుకే గడువు 15 రోజులని ముందే మాట తీసుకోవాలె. ఫిర్యాదు చేసేటోళ్లకూ పని ఉంది. మీ పిల్లలు బడికి పోయేటప్పుడు కట్టెతోని గేటు గీసుకుంట పోతున్నరేమో చూడండి. కుక్క మీద ఒర్లితే కూడా లాభం లేదు, మీరు కూడా తనతోపాటు మొరుగుతున్నరని అనుకుంటది.

గోడ దాటి వచ్చే ఇంకో సంగతి పిడుదులు, మనం గోమార్లు అంటం. ఇవి కుక్క మీదనే ఉండయి, దిగి గోడల పగుళ్లలో గుడ్లు పెడ్తయి, గోడ పట్టుకొని అవతలికి పోతయి. కుక్కకు ఒక్కదానికే మందు పెడితే నెల తిరగంగనే మళ్లా వస్తయి. ఉమ్మడి గోడ పగుళ్లను రెండు దిక్కులా సిమెంటుతోని పూడ్చాలె. ఇది మాత్రం ఇద్దరూ కలిసి చేయాల్సిన పని.

కరిస్తే ఏం చేయాలె? వెంటనే సబ్బుతోని, ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలె. గడియారం చూసి 15. కారం, పసుపు, సున్నం, పసరు ఏదీ పెట్టొద్దు. అదే రోజు సర్కారు దవాఖానకు పోవాలె. చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో వేస్తరు. గాయం లోతుగ ఉన్నా, రక్తం వచ్చినా గాయం చుట్టూ వేరే ఇంజెక్షన్ కూడా ఇస్తరు. రెండు సూదులు వేయించుకొని బాగైందని మానేసుడు ప్రాణం మీదికి వస్తది, రేబిస్ లక్షణాలు మొదలైనంక మందు పనిచేయదు.

ఇక్కడనే పంచాయితీ తప్పుదారి పడుతది. కరిచిన కుక్కను 10 రోజులు కట్టేసి గమనించాలె. 10 రోజులు ఆరోగ్యంగ ఉంటే, కరిచినప్పుడు దాని చొంగలో రేబిస్ లేదని అర్థం. కుక్కగల్లాయన భయపడి దాన్ని ఎక్కడనో ఇడిచిపెట్టి వస్తడు, కరిపించుకున్నోళ్లు కోపంతోని కొట్టి చంపుతరు. రెంటిలో ఏది చేసినా డాక్టరుకు కావాల్సిన సమాచారం పోతది. కుక్కను చూపించండి, టీకా కార్డు చూపించండి. కుక్కకు మూడు నెలల వయసులో మొదటి రేబిస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం ఏటేటా. జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు అంటే రోగాల దినం) నాడు సర్కారు పశువుల దవాఖానల్లో ఉచితంగ వేస్తరు.

చట్టం సంగతి కొంచెం. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ జాగలో భారతీయ న్యాయ సంహిత నడుస్తున్నది. దాని 291వ సెక్షన్ ప్రకారం తన అధీనంలో ఉన్న జంతువుతోని మనుషులకు ప్రమాదం రాకుండ జాగ్రత్త పడకుంటే 6 నెలల దాక జైలు, లేదా 5,000 రూపాయల దాక జరిమానా, లేదా రెండూ. "అధీనంలో" అనే మాట మన పాలమూరుకు ముఖ్యం. వలస పోయేటోళ్లు ఇంటికి తాళం వేసి, కుక్కను పక్కోళ్లకు అప్పజెప్పి పోతరు. మూడు నెలలు అన్నం పెట్టి, గేటు లోపల కట్టేసుకున్నోళ్లు "అది మాది కాదు" అంటే నడువదు. ఇటు దిక్కు చూస్తే, కుక్కకు విషం పెట్టినా, నరికినా 325వ సెక్షన్ కింద 5 ఏండ్ల దాక శిక్ష ఉంది. ఎవరి తప్పు ఎంత బరువో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకొని చూడండి. చాలా తగాదాల్లో బాధితులే ముద్దాయిలు అయ్యేది ఇక్కడ.

వీధి కుక్కలకు అన్నం పెట్టుడు వేరే పంచాయితీ. 2023 జంతు జనన నియంత్రణ నియమాలు, 2025 ఆగస్టు 22 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు చెప్పేది ఒకటే: పెట్టేటోళ్లు నిర్ణయించిన చోటనే పెట్టాలె. పక్కోళ్ల గేటు ముందర, పిల్లలు ఆడుకునే కాడ కాదు. కాలనీ కమిటీ, మున్సిపాలిటీ కలిసి ఆ చోటు ఏదో తేల్చాలె.

ఇగ గెట్టు దగ్గరికి వద్దాం. ముందు మీ జాగ ఏ రకమో తెలుసుకోండి, ఎందుకంటే కొలిచే పద్ధతే మారిపోతది.

పాత ఊరిలో ఇల్లైతే అది గ్రామకంఠం, ఆబాదీ, అంటే ఊరోళ్ల ఇండ్ల కోసం ఉన్న జాగ. అక్కడ ఇంటింటికీ విడి నక్ష ఉండదు. సర్వేయర్‌ను పిలిచినా మీ రెండిండ్ల నడుమ గీత చూపెట్టలేడు, ఆయన దగ్గర దానికి కాగితమే లేదు. మీ పాత దస్తావేజులో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం ఏం రాసిందో అదే ఆధారం. కొలత ఒకటి, హద్దు ఇంకొకటి చెప్తే మామూలుగ కోర్టులు హద్దు దిక్కే మొగ్గుతయి. ఇంటిపన్ను రసీదు పట్టుకొని "జాగ నాది" అంటరు. పన్ను కట్టినట్టు తప్ప అది ఇంకేమీ చెప్పదు.

చేను, పొలం అయితే సర్వే నంబరు ఉంటది, దానికి టిప్పన్ (కొలతలు రాసిన సర్వే నక్ష) ఉంటది. మీసేవలో దరఖాస్తు పెడితే మండల సర్వేయర్ పక్క పట్టాదారులకు నోటీసు ఇచ్చి కొలుస్తడు. పంట నిలబడ్డప్పుడు కాదు, ఎండాకాలంలో పెట్టించుకోండి. చూపు ఆనకుంటే గీత కుదరదు. గుంట అంటే 33 అడుగులకు 33 అడుగులు, 121 గజాలు. 40 గుంటలు ఎకరం. ఈ లెక్క గుర్తుంటే సర్వేయర్ చెప్పింది మీకు అక్కడనే అర్థమైతది.

ఎక్కువ కొట్లాట మూడో రకంలో, అంటే వెంచర్ ప్లాట్లలో. జడ్చర్ల దిక్కు, నల్లగొండ చుట్టుపక్కల చేన్లు ప్లాట్లైన కాడ ఇదే కథ. ఒక వరుసలో 30 అడుగుల ముఖం ఉన్న ప్లాట్లు పది ఉన్నయనుకోండి, మొత్తం 300 అడుగులు. మొదటాయన 6 అంగుళాలు జరిపి కట్టిండు. రెండో ఆయన రాయి కోసం వెదకకుండ, మొదటాయన గోడ పట్టుకొని 30 అడుగులు కొలుచుకున్నడు. అట్లనే పదో ఆయన దాక. ఆఖరాయనకు 29 అడుగుల 6 అంగుళాలే మిగిలింది. ఆయన తొమ్మిదో ఆయనతోని కొట్లాడుతడు. తొమ్మిదో ఆయనకు సరిగ్గ 30 అడుగులే ఉన్నయి, ఆయన తప్పేం లేదు. కాబట్టి రెండు ప్లాట్లే కొలిస్తే నిజం బయటపడదు. లేఅవుట్ నక్షలో రోడ్డు మూల కాడ ఉన్న రాయి దొరకబట్టి, అక్కడినుంచి వరుసంతా ఒక్కటే టేపుతోని గుంజి కొలవాలె. బట్ట టేపు సాగుతది, వద్దు. ఉక్కు టేపు పట్టండి, అది నడుమల వేలాడకుండ ఇద్దరు గట్టిగ గుంజాలె.

నాలుగు దిక్కులా కొలత సరిపోయినా ప్లాటు వంకరగ ఉండొచ్చు. మూల నుంచి మూలకు కొలవండి. 200 గజాల ప్లాటు, 30కి 60 అయితే, ఆ కొలత 67 అడుగుల 1 అంగుళం రావాలె, రెండు దిక్కులా. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే ప్లాటు ఒరిగింది.

పునాది ముచ్చట మాత్రం చాలామందికి తెల్వదు. తొమ్మిదించుల గోడకు సుతారి (మేస్త్రి) పునాదిని 2 అడుగుల వెడల్పు తవ్వుతడు. గోడ నడుమల వస్తది. అంటే గోడ అంచు కచ్చితంగ మీ గీత మీద ఉన్నా, భూమిల పునాది ఏడున్నర అంగుళాలు అవతలి జాగలో ఉంటది. పైకి ఎవరికీ కనబడదు. పదేండ్లకు పక్కాయన తన ఇంటికి గుంత తవ్వినప్పుడు గడ్డపారకు తగుల్తది, అప్పుడు మొదలైతది. సొంత ఖర్చుతోని కట్టేటోళ్లు పునాదితో సహా లోపలికి జరగండి. సగం సగం పెట్టుకుంటే గోడ నడిమధ్యన గీత ఉండాలె, ఆ మాట కాగితం మీద ఉండాలె.

కాగితం ఎట్ల రాయాలె? కుక్క సంగతికి తెల్లకాగితం చాలు. "కుక్కను రాత్రి 10 నుంచి 6 దాక లోపల కట్టేస్త. ఫలానా తేదీలోపు గేటుకు 4 అడుగుల రేకు కొట్టిస్త. పక్కవారు 15 రోజులు ఫిర్యాదు పెట్టరు. 16వ రోజు నోటుబుక్కు చూసుకుంటం." సంతకాలు ఇద్దరివి, సాక్షులు ఇద్దరు. "కుక్క మొరగకుండ చూసుకుంట" అని మాత్రం రాయొద్దు, అది ఎవరితోనీ కాదు, మొదటి రాత్రికే మాట తప్పినట్టైతది. గోడ కాగితం వేరుగ రాయండి, అందులో కుక్క పేరే రావొద్దు. ఇంకొకటి, 100 రూపాయల స్టాంపు కాగితం మీద రాస్తే గట్టిగుంటదని మన దిక్కు ఒక నమ్మకం. ఎవరన్న తన జాగ అర్ధ అడుగైనా ఇంకొకరికి రాసిస్తే రిజిస్ట్రేషన్ కావాలె, లేకుంటే ఆ కాగితం కోర్టుల నిలబడదు.

మాట్లాడుకున్నా తెగకుంటే న్యాయసేవాధికార సంస్థకు పోండి. జిల్లా కోర్టు ఆవరణలో ఉంటది, ఫోన్ నంబరు 15100. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. అక్కడ ఇద్దరూ ఒప్పుకొని రాసుకున్నది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. స్టేషన్‌కు పోతే ఏమైతదంటే, ఎక్కువ సార్లు ఇద్దరినీ తహసీల్దార్ ముందర బైండోవర్ చేస్తరు. "ఏడాది దాక తగాదా పెట్టుకోం" అని పూచీ రాసిచ్చి ఇంటికి వస్తరు, గోడ ఉన్నకాడనే ఉంటది. కుక్క నిజంగ ప్రమాదకరమైనదైతే మాత్రం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ జాగలో వచ్చిన చట్టం) 152వ సెక్షన్ కింద దాన్ని కట్టడి చేయమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌ను అడగొచ్చు. జాగ సంగతిలో కోర్టుకే పోవాల్సి వస్తే, కోర్టు తరఫున వచ్చి చూసే అడ్వకేట్ కమిషనర్‌ను వేయించి సర్వేయర్‌తోని కొలిపించమని మొదట్లనే అడగండి. పక్కోళ్లు కలుపుకున్నరని తెలిసి 12 ఏండ్లు ఊకుంటే మీ కేసు మీ చేతులనే చెడిపోతది.

ఇప్పుడు బయటికి పోదాం. రెండు ఉక్కు టేపులు, దారం తెచ్చి పెట్టినం. ఈ ఆవరణ గోడ మూల మూలమట్టానికి ఉందో లేదో చూద్దాం. మూల నుంచి ఒక గోడ మీద 6 అడుగుల కాడ గీత పెట్టండి, ఇంకో గోడ మీద 8 అడుగుల కాడ. ఆ రెండు గీతల నడుమ 10 అడుగులు రావాలె. ఎవరన్న ఇద్దరు వచ్చి టేపు పట్టండి. పక్కపక్క ఇండ్లోళ్లు అయితే ఇంకా మంచిది.