మొదటిసారి కుట్టు రిట్రీట్‌కు: కష్టమైన పని ఇంట్లోనే ఉంచండి

వ్యాఖ్యాత: నమస్కారం. ఈరోజు మనతో మాట్లాడుతున్న అక్క ఏళ్ల తరబడి క్విల్ట్‌లు, అంటే గుడ్డ ముక్కలు కలిపి కుట్టే పొరల దుప్పట్లు, కుడుతున్నారు. కుట్టేవాళ్లంతా కొన్ని రోజులు ఒకచోట చేరి కుట్టుకునే రిట్రీట్‌లకు వెళ్లి వస్తుంటారు. నేనేమో వచ్చే నెల మొదటిసారి వెళ్తున్నాను. కాబట్టి ఈ ఎపిసోడ్ సగం శ్రోతల కోసం, సగం నా స్వార్థం కోసం. అక్కా, అసలు అక్కడ ఏం జరుగుతుంది?

అక్క: ఏమీ జరగదు. దాని గొప్పతనమే అది. (నవ్వు) తరగతి కాదు, పోటీ కాదు. పెద్ద హాలు, వరసగా బల్లలు, ఎవరి మిషన్ వారిది. పొద్దున లేచింది మొదలు కళ్లు మూతలు పడేదాకా కుట్టుకోవడమే. ఇంట్లో అయితే బల్ల మీద పరుచుకున్నవన్నీ ఎవరో రాగానే తీసి సర్దాలి కదా? అక్కడ రాత్రి ఎలా వదిలేసి వెళ్లావో పొద్దున అలాగే ఉంటుంది.

వ్యాఖ్యాత: అయితే ఎప్పటినుంచో వాయిదా వేస్తున్న నక్షత్రం క్విల్ట్ తీసుకెళ్తాను. ఇంత సమయం మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

అక్క: వద్దమ్మా. మొదటిసారి వెళ్లేవాళ్లందరికీ వచ్చే ఆలోచనే అది. నక్షత్రంలో ముక్కముక్కకూ ఏటవాలు కోత ఉంటుంది. ఏటవాలుగా కోసిన గుడ్డ చేత్తో పట్టుకుంటేనే సాగుతుంది. ఒక పక్క నలుగురు నవ్వుతూ, మరో పక్క ఎవరో నీ భుజం తట్టి తన పని చూపిస్తూ ఉంటే, ఎనిమిది కొనలను ఒక్క బిందువు దగ్గర కలపడం ఎవరి తరమూ కాదు. కష్టమైన పని ఇంట్లో, నిశ్శబ్దంలో చేసుకో. రిట్రీట్‌కు చతురస్రాలు, పట్టీలు పట్టుకెళ్లు.

వ్యాఖ్యాత: అవే చతురస్రాలు రోజంతా కుడితే విసుగు రాదా?

అక్క: వస్తుందనే అనుకుంటాం. ఒక జత కుట్టి, దారం తెంపకుండా, వెంటనే తర్వాతి జతను సూది కిందికి పోనిస్తూ ఉంటే కాసేపటికి మిషన్ వెనక తోరణం వేలాడుతుంది. అదంతా కత్తిరించి, ఇస్త్రీ చేసి, వరసలు కలుపుతావు. ఇక్కడొక చిన్న కిటుకు ఉంది. పై వరసలో కుట్టు మడతలను కుడి వైపుకూ, కింది వరసలో ఎడమ వైపుకూ వంచి ఇస్త్రీ చేయాలి. రెండు వరసలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కుట్టు దగ్గర బొటనవేలు, చూపుడువేలుతో మెల్లగా జరిపితే, ఆ రెండు మడతలూ ఒకదానికొకటి తగిలి ఆగిపోతాయి. అది వేళ్లకే తెలుస్తుంది. ఆగిన చోట గుండుసూది పెట్టేస్తే మూలలు కచ్చితంగా కలుస్తాయి. ఆ ఆగడం కోసమే నేను రోజంతా కుడతాను, నిజంగా.

వ్యాఖ్యాత: నా మూలలు ఎప్పుడూ కలవవు. వరసలు కూడా పొట్టివైపోతాయి.

అక్క: కుట్టు వెడల్పు, అంటే గుడ్డ అంచు నుంచి కుట్టుకు ఉన్న దూరం, చూసుకున్నావా? క్విల్ట్‌కు పావు అంగుళం. వరసకు తొమ్మిది ముక్కలంటే ఎనిమిది కుట్లు. ఒక్కో కుట్టు అంగుళంలో పదహారో వంతు ఎక్కువ లోపలికి పోయిందనుకో. రెండు ముక్కల నుంచీ పోతుంది కాబట్టి కుట్టుకు ఎనిమిదో వంతు తరుగు. ఎనిమిది కుట్లకు సరిగ్గా ఒక అంగుళం మాయం. వెళ్లే ముందు ఒక పరీక్ష చేసుకో. అంగుళంన్నర వెడల్పున్న పట్టీలు మూడు పక్కపక్కన కుట్టి ఇస్త్రీ చేసి, మధ్య పట్టీని కొలువు. సరిగ్గా అంగుళం ఉంటే నీ కుట్టు సరైనదే. ఒక్కో మిషన్‌కు ఈ కొలత కాస్త తేడాగా వస్తుంది. అందుకే బరువైనా సొంత మిషనే తీసుకెళ్లమంటాను.

వ్యాఖ్యాత: నా మిషన్ ఎత్తాలంటే ఇద్దరు కావాలి!

అక్క: అందుకే రిట్రీట్‌లలో ఆ నల్లటి సింగర్ 221 మిషన్ అంటే పడి చచ్చేవాళ్లుంటారు. 1933లో వచ్చింది, ఫెదర్‌వెయిట్ అంటారు, సుమారు 5 కిలోలే. తిన్నగా కుట్టడం తప్ప ఇంకేమీ రాదు. ముక్కలు కలపడానికి అంతకంటే ఏం కావాలి?

వ్యాఖ్యాత: గుడ్డ అక్కడే కోసుకోవచ్చా?

అక్క: కోసుకోవచ్చు, కానీ ఇంట్లోనే కోసి, కొలత రాసిన చీటీ పెట్టి, సంచుల్లో సర్దుకెళ్లు. కోత బల్ల అందరిదీ, వంతు రావాలి. ఇంకో సంగతి. గుండ్రటి బ్లేడు దొర్లుతూ గుడ్డ కోసే రోటరీ కట్టర్‌ను 1979లో జపాన్‌లో ఓల్ఫా సంస్థ తెచ్చింది. క్విల్ట్ పని వేగం దానితోనే మారిపోయింది. కానీ బ్లేడు గుడ్డకూ వేలికీ తేడా చూడదు. రాత్రి భోజనం అయ్యాక నేను కట్టర్ ముట్టుకోను. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, వేలు తెగితే ఏం చేస్తాం?

వ్యాఖ్యాత: ఇస్త్రీ పెట్టె కూడా పట్టుకెళ్లాలా?

అక్క: నిర్వాహకులను అడుగు. కుట్టు మిషన్ మామూలుగా వంద వాట్లు దాటదు, ఇస్త్రీ పెట్టె వెయ్యికి పైనే లాగుతుంది. రెండు మూడు పెట్టెలు ఒకే లైనుకు తగిలిస్తే కరెంటు పోయి హాలంతా ఒక్కసారి మూగబోతుంది. అందుకే చాలాచోట్ల ఇస్త్రీకి కాస్త దూరంగా వేరే లైను ఇస్తారు. ఆ దూరం నడవడమూ మంచిదే. గంటల తరబడి వంగి కూర్చుంటే ముందు భుజాలే మొర పెట్టుకుంటాయి. మోచేయి లంబకోణంలో ఉండేలా కుర్చీ ఎత్తు చూసుకో, లేకపోతే దిండు వేసుకో.

వ్యాఖ్యాత: అసలు భయం ఇంకొకటి ఉందక్కా. అక్కడ నాకు ఎవరూ తెలియదు. అందరూ చేయి తిరిగినవాళ్లయితే?

అక్క: చేయి తిరిగినవాళ్లు నీ కుట్లు చూడరు, నీ రంగులు చూస్తారు. మాట కలపాలంటే గోడ దగ్గరికి వెళ్లు. గోడకు ఫ్లానెల్ గుడ్డ కట్టి ఉంటుంది, నూలు ముక్కలు గుండుసూది లేకుండానే దానికి అంటుకుంటాయి. నీ ముక్కలు అక్కడ పెట్టి పది అడుగులు వెనక్కి వచ్చి నిలబడు. ఎవరో ఒకరు వచ్చి పక్కన నిలబడతారు. రంగుల గురించి అనుమానం ఉంటే ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీయి. ఏ ముక్క ముదురో, ఏది లేతో తేలిపోతుంది. ఇక అడగకుండా సలహా చెప్పకు. గుడ్డ కోసే కత్తెర ఎవరిదైనా సరే, కాగితానికి వాడకు. స్నేహాలు దానితోనే చెడ్డాయి.

వ్యాఖ్యాత: తిరిగొచ్చేటప్పటికి క్విల్ట్ పూర్తవుతుందా?

అక్క: చాలామందికి పై పొర పూర్తవుతుంది, అంతే. పై పొర, మధ్యలో దూది పొర, అడుగు గుడ్డ మూడూ ముడతలు లేకుండా పరిచి టాకాలు వేయాలంటే నేలంత చోటు కావాలి. ఆ పని ఇంటికి వచ్చాకే.

వ్యాఖ్యాత: మరి సామాను? సూదులు, దారం...

అక్క: సూది కొత్తది వేసుకుని వెళ్లు, విడిగా నాలుగు పెట్టుకో. బాబిన్‌లు ముందే నింపుకో. మిషన్‌ను మోసుకెళ్లేటప్పుడు సూది తీసేసి, గుడ్డను నొక్కిపట్టే ఫుట్ కింద గుడ్డ ముక్క పెట్టి దించు. ఇవన్నీ ఎవరైనా గుర్తుపెట్టుకుంటారు. మరిచిపోయేది కాలి పెడల్. దారి పొడవునా మిషన్‌ను పసిపాపలా ఒళ్లో పెట్టుకుని వచ్చి, పెడల్ లేక రెండో రోజు దాకా అందరి బల్లలూ తుడుస్తూ తిరిగినావిడను చూశాను.

వ్యాఖ్యాత: ఆవిడ ఏమీ కుట్టలేదా?

అక్క: కుట్టింది. చేత్తో. అందరికంటే నీటుగా.